క్రాలర్ బండిలో రెండు ఈఎస్‌సీల వైరింగ్: ఎర్ర వైరు సరే, నల్ల వైరు సంగతేమిటి?

రాళ్ల మీద మెల్లగా పాకుతూ ఎక్కే రేడియో కంట్రోల్ బండ్లను క్రాలర్లంటారు. వాటిలో ఎక్కువ భాగం ఒకే మోటారుతో నడుస్తాయి. దాని బలం గేర్‌బాక్సు నుంచి షాఫ్టుల ద్వారా ముందు, వెనుక ఇరుసులకు చేరుతుంది. ఇరుసుకొక మోటారు చొప్పున రెండు మోటార్లుండే బండ్లది వేరే తరగతి. 1987లో టామియా సంస్థ తెచ్చిన క్లాడ్ బస్టర్ ట్రక్కులో రెండు ఇరుసుల మీదా మోటార్లుండేవి. రాళ్లెక్కే బండ్లు సొంతంగా కట్టుకున్నవారు చాలాకాలం ఆ ఇరుసులనే తీసి వాడుకున్నారు. ఆ తరువాత యాక్సియల్ ఎక్స్‌ఆర్10 వంటివి ఈ పద్ధతి కోసమే తయారయ్యాయి. ఇటువంటి బండికి, మోటారు వేగాన్నీ దిశనూ అదుపుచేసే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్లు రెండింటిని, అంటే వాడుకలో ఈఎస్‌సీలను, ఎలా కలపాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

బ్రష్డ్ మోటార్లయితే (లోపల బ్రష్‌లుండే, రెండు వైర్ల మామూలు రకం) రెండింటినీ ఒకే ఈఎస్‌సీకి సమాంతరంగా కలిపి కూడా నడపవచ్చు. ఆ ఈఎస్‌సీ రెండు మోటార్ల కరెంటునూ మోయగలిగితే బండి చక్కగానే నడుస్తుంది, అంతటితో సరిపెట్టుకునేవారికి ఈ శ్రమ అక్కరలేదు. రెండో ఈఎస్‌సీ వల్ల వచ్చే లాభం ఇరుసులు రెండూ వేర్వేరుగా మన చేతికి రావడం. వెనుక చక్రాలను ఆపి ముందు చక్రాలతో మాత్రమే లాగిస్తే బండి వెనుక భాగం నేలకు తన్నిపట్టి, ముక్కు గిర్రున పక్కకు తిరుగుతుంది; దీనినే క్రాలర్లు నడిపేవారు డిగ్ అంటారు. టెక్కలి పరిసరాల నీలి గ్రానైట్ క్వారీల దగ్గర పారేసిన రాతిముక్కల వంటి చోట, రెండు పలకల మధ్య స్టీరింగు తిరిగినంత మేర తిప్పినా బండి తిరగనప్పుడు, డిగ్ లేని బండిని చేత్తో ఎత్తి పెట్టుకోవలసిందే. నిట్టనిలువు ఎక్కుడులో ముందు ఇరుసుకు కాస్త ఎక్కువ వేగమిస్తే బండి ముందుకు సాగి, వెల్లకిలా పడే ప్రమాదం తగ్గుతుంది. నడుపుతూ ఉండగానే, చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుంచి ఈ రెండు పనులూ చేయడం ఒకే ఈఎస్‌సీతో సాధ్యపడదు.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు ఒక కాగితం తీసుకుని బ్యాటరీ, రెండు ఈఎస్‌సీలు, రెండు మోటార్లు, రిసీవర్ (ట్రాన్స్‌మిటర్ సంకేతాలను అందుకునేది), సర్వో (స్టీరింగును తిప్పే చిన్న మోటారు పెట్టె) గీసి, వాటి మధ్య వైర్లన్నిటినీ రంగులతో సహా గీయండి. ఒక ఈఎస్‌సీ ఉన్న బండిలో బొమ్మ గీయకపోయినా పని జరుగుతుంది, రెండున్న బండిలో జరగదు. ఎందుకంటే రెండు ఈఎస్‌సీలూ రెండుచోట్ల కలుసుకుంటాయి: ఒకసారి బ్యాటరీ దగ్గర లావు వైర్లతో, మరొకసారి రిసీవర్ దగ్గర సన్న వైర్లతో. నేను చూసిన చిక్కులన్నీ ఈ రెండో కలయికను మరచిపోవడం వల్ల వచ్చినవే.

బ్యాటరీ వైపు

బ్యాటరీకి ఒకే కనెక్టరు ఉండాలి, దాని నుంచే రెండు కొమ్మలు చీలాలి. ఒక్కో ఈఎస్‌సీకి ఒక్కో కనెక్టరు పెట్టి, బ్యాటరీ దగ్గర చీలిక పెట్టుకోవడం కొందరి అలవాటు. దానివల్ల ఎప్పుడో ఒకప్పుడు ఒకటి తగిలించి రెండోది మరచిపోతారు, ఆ స్థితి మంచిది కాదని కింద చెప్పబోతున్నాను. ఎక్స్‌టీ60 కనెక్టరు నుంచి వచ్చే ఉమ్మడి వైరు 12 గేజ్‌ది, కొమ్మలు 14 గేజ్‌వి అయితే 2ఎస్, 3ఎస్ (వరుసగా రెండు, మూడు సెల్లుల) లిథియం పాలిమర్ బ్యాటరీలతో నడిచే సాధారణ బ్రష్డ్ బండికి సరిపోతాయి. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుందని కొత్తవారు గుర్తుంచుకోవాలి. సిలికాన్ తొడుగున్న వైరే వాడండి. ఇరుసు పైకీ కిందికీ ఊగినప్పుడు మామూలు ఇంటి వైరింగు వైరు బిరుసుగా ఉండి, అతుకు దగ్గర విరుగుతుంది.

చీలిక దగ్గర మూడు వైర్ల కొసలను విడివిడిగా తగరం పట్టించి, తరువాత ఒకచోట చేర్చి సన్నని రాగి తీగతో నాలుగైదు చుట్లు చుట్టి, అప్పుడు టంకం పారించాలి. టంకం పైపైన ముద్దలా నిలబడకుండా పోగుల మధ్యకు ఇంకిపోవాలి. ఇంత లావు అతుకుకు ఇళ్లలో ఉండే 25 వాట్ల ఐరన్ చాలదు. 60 వాట్లది, వెడల్పు మొన ఉన్నది కావాలి. ఐరన్ చిన్నదైతే ఎక్కువసేపు అదిమి ఉంచడం వల్ల వైరు తొడుగు కాలుతుంది తప్ప అతుకు గట్టిపడదు. మీ దగ్గర పెద్ద ఐరన్ లేకపోతే టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణంలో ఈ రెండు అతుకులు మాత్రం పెట్టించుకోవడంలో చిన్నతనమేమీ లేదు. వేడి తగిలితే ముడుచుకుని అతుకును కప్పే హీట్ ష్రింక్ గొట్టాన్ని అతకడానికి ముందే వైరుకు ఎక్కించి పెట్టుకోండి. ఈ మాట తెలియనివారు లేరు, అయినా మరచిపోని వారు కూడా లేరు.

రిసీవర్ వైపు, అసలు చిక్కు

ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వెళ్లే చిన్న కనెక్టరులో మూడు వైర్లుంటాయి. తెల్లది లేదా నారింజ రంగుది సంకేతాన్ని తెస్తుంది, మధ్యనున్న ఎర్రది రిసీవర్‌కూ సర్వోకూ కరెంటు ఇస్తుంది, నల్లది లేదా గోధుమ రంగుది నెగటివ్. ఎర్ర వైరులో వచ్చే కరెంటును ఈఎస్‌సీ లోపలి బీఈసీ అనే భాగం తయారుచేస్తుంది. బ్యాటరీ వోల్టేజీని అది ఐదారు వోల్టులకు తగ్గిస్తుంది.

రెండు ఈఎస్‌సీలు పెట్టినప్పుడు రిసీవర్‌లోని ఎర్ర పిన్నులన్నీ లోపల ఒకటే కాబట్టి, రెండు బీఈసీలు ఒకదాని నోట్లోకి మరొకటి కరెంటు తోస్తాయి. రెండింటి వోల్టేజీ అచ్చంగా ఒకటిగా ఎన్నడూ ఉండదు. స్వల్పంగా ఎక్కువున్నది భారమంతా మోస్తూ వేడెక్కుతుంది, తక్కువున్నది గందరగోళపడుతుంది. స్విచింగ్ రకం బీఈసీలను ఇలా కలపడం ఇంకా ప్రమాదం. అందువల్ల ఒక ఈఎస్‌సీ కనెక్టరులోని ఎర్ర వైరును తొలగించాలి. కత్తిరించవద్దు. కనెక్టరు పక్కనున్న చిన్న ప్లాస్టిక్ నాలుకను గుండుసూదితో కొద్దిగా పైకెత్తి వైరును లాగితే పిన్నుతో సహా బయటకు వస్తుంది. దానిని వెనక్కు మడిచి హీట్ ష్రింక్ తొడిగితే, రేపు ఆ ఈఎస్‌సీని మరో బండిలో వాడుకోవాలన్నప్పుడు మళ్లీ దూర్చుకోవచ్చు.

బరువైన సర్వో వాడేవారు మరో అడుగు వేయాలి. చాలా ఈఎస్‌సీల బీఈసీ రెండు మూడు ఆంపియర్లకు మించి ఇవ్వదు. రాళ్ల మధ్య ఇరుక్కున్న చక్రాన్ని తిప్పబోయే పెద్ద సర్వో అంతకన్నా ఎక్కువ అడుగుతుంది. అప్పుడు వోల్టేజీ పడిపోయి రిసీవర్ ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది, నడిపేవారికి బండి ఉన్నట్టుండి మొద్దుబారినట్టు కనబడుతుంది. ఇటువంటి బండికి విడి బీఈసీ పెట్టి, దాని ఇన్‌పుట్‌ను బ్యాటరీ చీలిక దగ్గరే కలిపి, అవుట్‌పుట్‌ను రిసీవర్‌లో ఖాళీగా ఉన్న ఛానెల్‌లో గుచ్చి, రెండు ఈఎస్‌సీల ఎర్ర వైర్లనూ తీసివేయాలి. దాని వోల్టేజీ సర్వోకు సరిపోయేటట్టు పెట్టే ముందు రిసీవర్ అంత తట్టుకుంటుందో లేదో చూసుకోండి.

ఎర్ర వైరు గురించి అందరూ చెబుతారు. నల్ల వైరు గురించి చెప్పేవారు తక్కువ, నన్ను దెబ్బతీసింది అదే. వేసవిలో విజయనగరానికి కొంత దూరాన, ఎండిన గెడ్డ (వాగు)లోని గుండ్రాళ్ల మీద బండి నడుపుతుండగా రిసీవర్ పెట్టెలోంచి సన్నగా పొగ వచ్చింది. ఎర్ర వైరు సక్రమంగానే తీసివేసి ఉంది, మోటార్లు రెండూ బాగున్నాయి. విప్పి చూస్తే వెనుక ఈఎస్‌సీ సంకేతపు కనెక్టరులోని నల్ల వైరు తొడుగు కరిగి, పక్కనున్న తెల్ల వైరుకు అంటుకుని ఉంది. కారణం బ్యాటరీ దగ్గర దొరికింది: వెనుక ఈఎస్‌సీ నెగటివ్ కొమ్మకు నేను పెట్టిన టంకం చల్లారిపోయి పట్టిన అతుకు. బండి కుదుపులకు అది ఊడింది.

అప్పుడేం జరిగిందో బొమ్మ మీద వేలు పెట్టి అనుసరించండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి కరెంటు వెనుక ఈఎస్‌సీకి వస్తుంది, మోటారు గుండా పోయి తిరిగి ఈఎస్‌సీ నెగటివ్‌కు చేరుతుంది. అక్కడి నుంచి బ్యాటరీకి వెళ్లవలసిన లావు వైరు తెగి ఉంది. కానీ దారి పూర్తిగా మూసుకుపోలేదు: సంకేతపు నల్ల వైరు రిసీవర్‌కు వెళుతుంది, రిసీవర్‌లోని నెగటివ్ పిన్నులన్నీ ఒకటే కాబట్టి అక్కడి నుంచి ముందు ఈఎస్‌సీ నల్ల వైరులోకి, దాని ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు చేరుతుంది. చక్రం ఇరుక్కున్నప్పుడు పదుల ఆంపియర్లు లాగే మోటారు కరెంటు, సర్వోల కోసం చేసిన సన్నని వైరులో పారింది. ఫ్యూజు లేని చోట ఆ వైరే ఫ్యూజు అయింది.

ఒక ఈఎస్‌సీ ఉన్న బండిలో నెగటివ్ అతుకు ఊడితే బండి ఆగిపోతుంది, అంతే. రెండున్న బండిలో ఆగదు, నడుస్తూనే ఉంటుంది, అదే ప్రమాదం. ఎర్ర వైరు తీసినంత మాత్రాన దీనికి రక్షణ లేదు. నల్ల వైరును తీయడానికి కూడా వీలులేదు, అది లేకపోతే సంకేతానికి ఆధారం ఉండదు. కాబట్టి జాగ్రత్తంతా లావు నెగటివ్ అతుకు మీదే పెట్టాలి. రెండు నెగటివ్ కొమ్మలనూ అతికిన తరువాత ఒక్కొక్కదాన్ని గట్టిగా లాగి చూడండి. బండి చట్రానికి ప్లాస్టిక్ టైతో కట్టి, కుదుపు అతుకు మీద పడకుండా వైరు మీదే పడేటట్టు చేయండి. ఒకే కనెక్టరు ఉండాలని మొదట చెప్పింది కూడా ఇందుకే: రెండు కనెక్టర్లున్నచోట ఒకదాని నెగటివ్ కాంటాక్టు వదులైనా ఇదే కథ నడుస్తుంది.

మోటార్లు, దిశ

రెండు ఇరుసులు ఒకే రకంవైతే వెనుకది ముందుదానికి ఎదురుగా తిరిగి కూర్చుంటుంది, అందువల్ల ఒకే సంకేతానికి రెండు ఇరుసుల చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరగవచ్చు. బ్రష్డ్ మోటారైతే తప్పుగా తిరిగే ఇరుసులోని మోటారు వైర్లు రెండింటినీ తారుమారు చేస్తే సరిపోతుంది. ట్రాన్స్‌మిటరులో ఆ ఛానెల్‌ను రివర్సు చేసి సరిపెట్టవద్దు. అలా చేస్తే ఒక ఈఎస్‌సీ ముందుకనుకున్నది మరొకదానికి వెనక్కవుతుంది, బ్రేకు, రివర్సు పనిచేసే తీరు రెండింటిలో తేడాగా ఉంటుంది. సెన్సరున్న బ్రష్‌లెస్ మోటారుకు (బ్రష్‌లు లేని, మూడు వైర్ల రకం) మాత్రం ఆ మూడు వైర్లను తారుమారు చేయకూడదు. ఈఎస్‌సీ సెట్టింగులో దిశ మార్చాలి.

ఒక్కో బ్రష్డ్ మోటారుకు 104 అని ముద్రించిన 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు మూడు ఉండాలి: టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు డబ్బాకు ఒక్కొక్కటి. రివర్సు ఉన్న ఈఎస్‌సీతో వాడే మోటారు మీద షాట్‌కీ డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) ఉంటే తీసివేయాలి.

ట్రాన్స్‌మిటర్

కనీసం మూడు ఛానెళ్లు, మిక్సింగు (ఒక ఛానెల్ ఆజ్ఞను మరో ఛానెల్‌కూ పంపే) సదుపాయం ఉన్న ట్రాన్స్‌మిటర్ కావాలి. ఒకటో ఛానెల్ స్టీరింగు, రెండో ఛానెల్ ముందు ఈఎస్‌సీ, మూడో ఛానెల్ వెనుక ఈఎస్‌సీ. ఈ వరుసకు కారణం ఉంది. మామూలు మిక్సింగులో రెండో ఛానెల్ యజమాని, మూడోది దానిని అనుసరించేది. స్విచ్చు వేస్తే అనుసరించేదాన్ని మాత్రమే ఆపగలం. రాళ్ల మీద తరచుగా అక్కరకు వచ్చేది వెనుక ఇరుసును ఆపే డిగ్ కనుక వెనుకది మూడో ఛానెల్‌లో ఉండడమే సబబు. ముందు ఇరుసును కూడా ఆపాలంటే రెండు ఈఎస్‌సీల కోసం ప్రత్యేకమైన మిక్సింగు కావాలి, లేదా ఎడ్జ్‌టీఎక్స్ వంటి సాఫ్ట్‌వేరు ఉన్న ట్రాన్స్‌మిటర్ కావాలి. రేడియోమాస్టర్ ఎంటీ12 అటువంటిదే. అందులో రెండు ఛానెళ్లకూ ట్రిగ్గరునే (వేగం కోసం వేలితో లాగే మీట) మూలంగా పెట్టి, మూడు స్థానాల స్విచ్చు మధ్యలో ఉంటే రెండింటికీ నూరు శాతం, పైకి వేస్తే వెనుకదానికి సున్నా, కిందికి వేస్తే ముందుదానికి సున్నా అని రాసుకోవచ్చు. మూడో ఛానెల్ శాతాన్ని నూరుకు బదులు తొంభైకి తగ్గిస్తే ముందు ఇరుసు ఆ మేరకు వేగంగా తిరుగుతుంది. అంతకు మించి తేడా పెడితే సమతలంలో టైర్లు ఒకదానితో ఒకటి పోట్లాడి, మోటార్లు ఊరికే వేడెక్కుతాయి.

రెండు ఈఎస్‌సీల సెట్టింగులు అక్షరాలా ఒకటిగా ఉండాలి, వీలైతే ఈఎస్‌సీలు కూడా ఒకే మోడల్‌వి కొనండి. కొన్నింటిలో జంపర్ పిన్నులతో, కొన్నింటిలో ప్రోగ్రామ్ కార్డుతో మార్చుకోవాలి. బ్యాటరీ రకం లిథియం, నడక ముందుకు–వెనక్కు, డ్రాగ్ బ్రేకు (ట్రిగ్గరు వదలగానే దానంతటదే పడే బ్రేకు) నూరు శాతం. డ్రాగ్ బ్రేకు తక్కువగా ఉంటే డిగ్ వేసినా వెనుక చక్రాలు దొర్లుతాయి, స్విచ్చు పనిచేయడం లేదని మీరు భ్రమపడతారు. బ్రష్డ్ మోటారులో బ్రేకంటే దాని రెండు వైర్లను లోపల కలిపివేయడమే. మోటారు తిరగబోతేనే అది ఎదురు బలం పుట్టిస్తుంది కనుక నిటారు వాలులో బండి ఆవగింజంత చొప్పున జారడం సహజం.

తక్కువ వోల్టేజీ దగ్గర ఆపే హద్దును కూడా రెండింటిలో ఒకటే పెట్టండి. బ్యాటరీ చివరికొచ్చినప్పుడు వెనుక ఇరుసు ముందుగా చతికిలబడి, డిగ్ స్విచ్చు ఇరుక్కుందేమో అనిపిస్తే అది స్విచ్చు దోషం కాదు. రెండు ఈఎస్‌సీల కొలతల్లోని సన్నని తేడా. అప్పుడు బండిని ఇంకా పోనివ్వక బ్యాటరీ మార్చడమే పని.

ట్రిగ్గరు కొలతలను ఈఎస్‌సీకి నేర్పే కాలిబ్రేషన్ ఒక్కోదానికి విడిగా చేయాలి. ఎర్ర వైరు తీసిన ఈఎస్‌సీని నేర్పేటప్పుడు రెండోది కూడా వేసే ఉండాలి, లేకపోతే రిసీవర్‌కు కరెంటే ఉండదు. మూడో ఛానెల్ మిక్సింగు ముందే ఆన్ చేసి ఉండాలి, లేకపోతే ట్రిగ్గరు ఎంత లాగినా ఆ ఈఎస్‌సీకి ఏమీ వినబడదు. ఈ రెండు చిన్న సంగతులు తెలియక పాడైపోయిందనుకుని ఈఎస్‌సీని తిరిగి కొరియరులో పంపినవారు ఉన్నారు. మన ఉత్తరాంధ్ర జిల్లాలకు ఇటువంటి సామాను హైదరాబాదు, బెంగళూరు నుంచి రావలసిందే కాబట్టి ఆ తప్పుకు వారం రోజులు పోతాయి.

మొదటిసారి కరెంటు ఇవ్వడం

బ్యాటరీ తగిలించకముందు మల్టీమీటరును కంటిన్యుటీలో (కరెంటుకు దారి ఉంటే కూసే అమరికలో) పెట్టి బండి వైపు కనెక్టరు పాజిటివ్, నెగటివ్‌ల మధ్య చూడండి. ఈఎస్‌సీలోని కెపాసిటర్ల వల్ల ఒక్క క్షణం కూత వచ్చి ఆగిపోవచ్చు; ఆగకుండా కూస్తుంటే ఎక్కడో షార్టు ఉంది. తరువాత ఒక్కో ఈఎస్‌సీ నెగటివ్ కొమ్మకూ బ్యాటరీ కనెక్టరుకూ మధ్య విడిగా చూడాలి, చూసేటప్పుడు సంకేతపు కనెక్టర్లు రిసీవర్ నుంచి పీకివేసి ఉండాలి. అవి గుచ్చి ఉంటే, లావు అతుకు ఊడి ఉన్నా మీటరు సన్న నల్ల వైరు గుండా దారి వెతుక్కుని, అంతా బాగుందని కూస్తుంది.

మోటారు సైకిల్ సామాన్ల దుకాణంలో దొరికే 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బును బ్యాటరీ పాజిటివ్ వైరుకు వరుసలో పెట్టి మొదటిసారి కరెంటు ఇవ్వండి. షార్టు ఉంటే బల్బు ప్రకాశంగా వెలుగుతుంది, కరెంటు రెండు ఆంపియర్ల లోపే ఉండి ఈఎస్‌సీలు బతుకుతాయి. బల్బు ఒకసారి మెరిసి ఆరితే అంతా సవ్యం. బల్బుతో బండిని నడపకూడదు. మోటారు కదలగానే వోల్టేజీ పడిపోతుంది.

బల్బు తీశాక చక్రాలు నేలను తాకకుండా బండిని డబ్బా మీద పెట్టి, ముందు ట్రాన్స్‌మిటర్, తరువాత ఈఎస్‌సీ స్విచ్చులు రెండూ వేసి, దిశలు, డిగ్ మూడు స్థానాలు చూసుకోండి. చక్రాలు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్‌ను ఆపివేసి చూడండి: నాలుగు చక్రాలూ ఆగాలి. రెండో ఛానెల్‌కు ఫెయిల్‌సేఫ్ పెట్టి మూడోదానికి మరచిపోతే, సంకేతం పోయినప్పుడు ముందు ఇరుసు ఆగి, వెనుకది చివరి ఆజ్ఞనే పాటిస్తూ బండిని తోసుకుపోవచ్చు. రెండింటికీ తటస్థ స్థానం నమోదు చేయాలి.

మన ప్రాంతపు తడి, ఉప్పు

ఈఎస్‌సీ వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా, మనం పెట్టిన అతుకులు, రిసీవర్ పిన్నులు అలాంటివి కావు. వాన వెలిసిన గెడ్డలో నడిపితే ఇంటికి రాగానే కనెక్టర్లు విప్పి ఆరబెట్టాలి. కళింగపట్నం, చింతపల్లి వంటి సముద్రతీరాల్లో నడిపేవారికి ఉప్పుగాలి వేరే శత్రువు; రాగి పోగుల మీద పచ్చని చిలుము తొడుగు కిందికి పాకి, పైకి కనబడకుండానే నెగటివ్ అతుకును తినేస్తుంది. మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టి, నెలకొకసారి అతుకు మీది హీట్ ష్రింక్ కోసి చూడడం నా పద్ధతి. శాలిహుండం వంటి రక్షిత బౌద్ధ క్షేత్రాల రాళ్లు ఎంత ఊరించినా వాటి మీద బండి ఎక్కించవద్దు; వాటి చుట్టుపక్కల కొండవాలుల్లో కావలసినన్ని బండలున్నాయి.

నడక ముగిశాక ఈఎస్‌సీ స్విచ్చులు ఆపి ఊరుకోవద్దు. చాలా ఈఎస్‌సీలలో ఆ స్విచ్చు లోపలి సర్క్యూట్‌నే ఆపుతుంది. లావు వైర్లు బ్యాటరీకి అంటుకునే ఉండి కొద్దికొద్దిగా కరెంటు తాగుతుంటాయి, ఇక్కడ అటువంటివి రెండున్నాయి. బ్యాటరీ కనెక్టరు విప్పి, పెట్టెలోకి వెళ్లే ముందు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర నిలిపి, ఆ విప్పిన చేతితోనే రెండు నెగటివ్ కొమ్మలనూ ఒకసారి లాగి చూడండి.